చూసినవాళ్ళ మొహం

పదకొండో వారం

వదిన ఆ రెండు వాక్యాలూ రాసి ఎనిమిది రోజులైంది. ఆ ఎనిమిది రోజులూ పక్కన ఫోను కదిలినప్పుడల్లా సూది వేలికి గుచ్చుకుంటూనే ఉంది.

పోయిన వారాలు చదవడం కుదరనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పాలి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆవిడని అందరూ వదినే అంటారు, ఆవిడ ఆడపడుచు అక్కడే పనిచేస్తూ అలా పిలుస్తుంది గనక. ఆడపడుచు పేరు పిచ్చుక. నోరు మూతపడదని చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పెట్టిన పేరు అది. పిచ్చుక ఉండేది వదిన ఇంటి మేడమీద గదిలో, ఒక్కతే. పదేళ్ళుగా ఆదివారం మార్నింగ్ షో చూసొచ్చి కార్ఖానా ఆడవాళ్ళకి సినిమా చెప్పేది వదిన. ఆరు నెలలుగా ఫోన్లో సినిమా కబుర్లు చెప్పి ముక్కూమొహం తెలియని జనాన్ని నవ్విస్తున్నది పిచ్చుక. ఆ వీడియోలు తీసేదీ, హీరోల బొమ్మల మీద వేళాకోళాలు రాసి అంటించేదీ మరెవరో కాదు, వదిన కన్న కూతురు. ఈ శనివారం ఒక సినిమా కంపెనీ పిచ్చుకని నగరంలో విడుదలకి ముందు వేసే ఆటకి పిలిచింది. మేనకోడలు లేనిదే కదలనంటోంది పిచ్చుక. కాలేజీకి ఇవ్వాల్సిన సెలవు కాగితం మీద తల్లి సంతకం కావాలి. వదిన పెట్టలేదు.

పెట్టకపోగా, కడుపుమంట పట్టలేక ఎవరికీ తెలియని ఖాతా ఒకటి తెరిచింది. దాని పేరు ‘మూడో వరుస’. మనిషి బొమ్మ పెట్టాల్సిన చోట ఖాళీ కుర్చీ. ఆ మాత్రం చెయ్యడానికి నాలుగు రోజులు తంటాలు పడి, పిచ్చుక కొత్త వీడియో కింద రాసింది: ‘సినిమా చూసిన మొహం కాదిది. సినిమా చూసినవాళ్ళ మొహం చూసిన మొహం.’

అబద్ధమేమీ కాదు. పిచ్చుకకి హాల్లో చీకటి ఒంటికి పడదు. ఇంటర్వెల్ కాకుండానే తలనొప్పి వచ్చేస్తుంది. ఆవిడ చెప్పే సినిమాలన్నీ వదిన చెప్పగా విన్నవే.

*

కార్ఖానాలో మిషన్లు తిరుగుతున్నంతసేపూ పక్కమనిషి అరిచినా వినబడదు. కబుర్లన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాక గుండీల బల్ల దగ్గరే. మిషన్లు ఆపేసి, ఆడవాళ్ళందరూ పొడుగాటి బల్ల చుట్టూ చేరి చొక్కాలకి చేత్తో గుండీలు కుడతారు. అక్కడ ఒక వాడుక ఉంది. సినిమా చెప్పే మనిషికి చేతులు ఖాళీగా ఉండాలి గనక, ఆ మనిషి ముందున్న కుప్పలోంచి తలా ఒక చొక్కా తీసుకుని తమ పనిలో కలుపుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ గుర్తు చెయ్యరు. కథ పూర్తయ్యేసరికి కుప్ప ఖాళీ అవుతుంది. పదేళ్ళుగా అలా ఖాళీ అవుతూ వచ్చిన కుప్ప వదినది.

ఆ గురువారం పొద్దున్నే పెద్ద వార్త వచ్చింది. ఏడాదిన్నరగా ఊరిస్తున్న భారీ సినిమా ఒకటి అయిదోసారి వాయిదా పడింది. దర్శకుడు గడ్డం పెంచుకుని, దిగులు మొహంతో కెమెరా ముందు కూర్చుని జనాన్ని క్షమించమన్నాడు. చొక్కాల కాలర్లు కుట్టి తిప్పుతున్నంతసేపూ వదిన మనసులో మాట పేర్చుకుంటూనే ఉంది. ఈ సినిమా తేదీ కన్నా మన మేస్త్రీ ఇస్తానన్న సెలవు నయం, అది ఎలాగూ ఇవ్వడు గనక తేదీ మార్చాల్సిన పని లేదు. ఆ మాట పడితే బల్ల మొత్తం ఎలా ఊగుతుందో కూడా ఆవిడకి కళ్ళకి కట్టింది.

బల్ల దగ్గర కూర్చుని గొంతు సవరించుకుంది. అప్పటికే కాజాలావిడ చెయ్యి పిచ్చుక కుప్ప మీదికి వెళ్ళింది. ఆ వెనకే ఇస్త్రీ పెద్దమ్మ చెయ్యి. ఆ తరవాత ఎవరి చెయ్యో ఏమిటో వదిన చూడలేదు. తన ముందున్న కుప్ప ఎత్తుకి ఎత్తు అలాగే ఉంది. పై చొక్కా మీద సుద్దగీత కూడా చెదరలేదు.

పిచ్చుక వాయిదా సంగతి ఎత్తనే లేదు. ఫోను తీసి, ఇదిగో వినండర్రా నా భాగోతం అంటూ ‘మూడో వరుస’ రాసిన రెండు వాక్యాలూ చదివింది.

కాజాలావిడకి పొలమారింది. ఇస్త్రీ పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. పిచ్చుక అక్కడితో ఆగకుండా, ఈ ఎనిమిది రోజుల్లో ఆ మాట ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూపించింది. ఎవరో కుర్రాడు తన ఫొటో కింద రాసుకున్నాడు, పరీక్ష రాసిన మొహం కాదిది, పరీక్ష రాసినవాళ్ళ మొహం చూసిన మొహం అని. కొత్త సినిమా హీరో ఏడుపు సీనుకి తగిలించారు, ఏడ్చిన మొహం కాదిది అని. ఏదో సభలో కునుకు తీస్తున్న పెద్దమనిషినీ వదల్లేదు. వేలమంది నవ్వారట. పిచ్చుక వీడియోల కన్నా ఆ ఒక్క మాటకే నవ్వినవాళ్ళు ఎక్కువట.

అంతలో మేస్త్రీ తలుపు దగ్గర తొంగిచూసి, ఏమిటా నవ్వులు, పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగి వెళ్ళాడు. ఆయన అటు తిరగ్గానే కాజాలావిడ మెల్లిగా అంది, “పని చేసిన మొహం కాదది.” మిగతా సగం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నవ్వులు బల్ల ఈ చివర్నించి ఆ చివరికి పాకుతుంటే వదిన సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకుంది. ఆరు నెలల తరవాత మళ్ళీ తన మాటకి ఈ బల్ల నవ్వుతోంది. ఆ నవ్వు ఒంటికి వెచ్చగా తగిలింది. కానీ అందరి కళ్ళూ పిచ్చుక మీదే ఉన్నాయి. నవ్వించింది తనైతే నవ్వు అందుకుంటున్నది ఆవిడ. తిట్టినా ఆవిడకే పేరొచ్చిందే అనుకునేసరికి వదిన గుండెలో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. ఆ మంట వెనకే భయం. ఎవరు రాశారో కనిపెట్టే ఆఫీసు ఒకటి ఉంటుందట, ఏ ఇంట్లోంచి రాసిందీ గడపతో సహా చెప్పేస్తారట అని ఎప్పుడో ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. ఇద్దరు పోలీసులు వచ్చి గేటు దగ్గర నిలబడి, మేడమీద ఉండేదేనా మీ ఆడపడుచు అని అడుగుతున్నట్టు కనిపించింది.

పిచ్చుకకి కోపం వచ్చినట్టు లేదు. ఎవరో రిటైరైన మాస్టారు అయ్యుంటాడనీ, ఆయన మొహం చూడకపోయినా ఆయనంటే గౌరవంగా ఉందనీ అంది. తరవాత బల్ల మీంచి ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“వదినా, ఈయనకి జవాబు చెప్పాలంటే నీవల్లే అవుతుంది. ఒక్క మాట చెప్పు, రాసేస్తాను.”

తన మీద తననే పోట్లాడమంటోంది. ఆ జవాబు కూడా రేపు ఆవిడ మొహంతోనే ఊరంతా తిరుగుతుంది. వదిన దారం పంటితో కొరికింది.

“నిజం చెప్పినవాళ్ళకి జవాబేం చెబుతాం పిచ్చుకా” అంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు అది కూడా హాస్యమే అనుకుని నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. ఫోను బోర్లా పెట్టి, తన కుప్పలో మిగిలిన ఒకే ఒక్క చొక్కా దగ్గరికి లాక్కుంది. ఆ పూట ఇంక ఆవిడ నోరు విప్పకపోవడం అందరూ చూశారు.

*

సాయంత్రం వదిన ఇల్లు చేరేసరికి అత్తా మేనకోడలూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒకే ఇయర్‌ఫోను తీగ, ఒక కొస అత్త చెవిలో, ఇంకో కొస పిల్ల చెవిలో. తీగ చాలక ఇద్దరి తలలూ ఆనుకున్నాయి. ఏం వింటున్నారో ఏమో, పిల్ల నవ్వి అత్త భుజం మీద వాలిపోయింది. వదిన చెప్పులు విప్పడానికి పట్టినంతసేపూ ఆ రెండు తలల మధ్య జాగా ఎక్కడైనా ఉందేమో చూసింది. లేదు.

అయిదేళ్ళ వయసులో జ్వరం వస్తే పదకొండు రోజులు కన్ను మూయకుండా కూర్చున్నది ఎవరు? రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ చెయ్యి పట్టుకునేది ఎవరు? అమ్మాయిని లోపలికి రమ్మంది. పిచ్చుక లేచి, వదిన వంక చూడకుండా మేడెక్కింది.

లోపల అమ్మాయి తలుపు జారబడి నిలుచుంది, ఎప్పుడెప్పుడు పైకి పోదామా అన్నట్టు. వదిన సంచీ బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి, ఆరు నెలలుగా దాచుకున్న మాట అడిగేసింది.

“ఆ వీడియోల్లో మీ అత్త చెప్పే మాటలు ఎవరివి?”

అమ్మాయి తడుముకుంటుందనుకుంది. అత్తవేనని బొంకుతుందనుకుంది. అప్పుడు కడిగెయ్యాలని ఒక్కొక్క మాటా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఉంచింది. పోస్టర్లోనే దగ్గుతున్న తండ్రి ఇంటర్వెల్ దాకా బతకడన్న మాట ఎవరిది? తలుపు దగ్గర్నించి కుర్చీదాకా హీరో నడిచొచ్చేలోపు నేను రెండు కాలర్లు తిప్పేస్తానన్నది ఎవరు? ట్రైలర్లోనే కథంతా విప్పేశాక హాలుకి వెళ్ళేది చల్లగాలి కోసమేనన్నది ఎవరు?

“నీవి” అంది అమ్మాయి.

వదిన వేళ్ళు లెక్క మధ్యలోనే ఆగిపోయాయి.

“అన్నీ నీవే. అత్త బల్ల దగ్గర విని వచ్చి నాకు చెప్పేది. నువ్వు ఇంట్లో బట్టలు మడతపెడుతూ అనేవి నేనే రాసుకునేదాన్ని. ముందు నిన్నే అడిగాను కదమ్మా. మర్చిపోయావా?”

వదిన మర్చిపోలేదు. మర్చిపోయినట్టు ఉంటూ వచ్చింది, అంతే. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆవిడ సినిమా చూసొచ్చి కూరలు తరుగుతూ చెబుతుంటే, అమ్మాయి చాటుగా ఫోన్లో తీసి చూపించింది. ఎంత బాగుందో చూడమ్మా, పెడదామా అంది. వదినకి ముందు తన మొహం చూసి ముచ్చటేసింది. ఆ మరునిమిషమే, ఈ మొహం ఎవడి చేతిలోనో పడితే, ఏ పాడు బొమ్మకో అతికిస్తే, పిల్ల పెళ్ళిదాకా వెంటాడితే అని కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మాయి చేతిలోంచి ఫోను లాక్కుంది. తన కళ్ళెదురుగా చెరిపించింది. ఆ ఫోను మూడు రోజులు తన దిండు కింద పెట్టుకుంది.

“మీ అత్తకి లేదా భయం?” అంది చివరికి.

“ఉంది. మొదటి రోజు చేతులు వణికాయి. అయినా ఫోను ముందు కూర్చుంది.”

ఆ మాట మెల్లిగానే అంది పిల్ల. దెప్పాలని కూడా అనలేదు. అందుకే ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. కనీసం మా వదిన మాటలివి అని ఒక్కసారైనా చెప్పొచ్చుగా అని గొణిగింది. అత్త ప్రతిసారీ చెబుదామనే అంటుందనీ, తనే వద్దంటోందనీ అమ్మాయి ఒప్పుకుంది. పేరు బయటపెడితే అమ్మ వచ్చి మళ్ళీ చెరిపించేస్తుందని తన భయమట.

ఆ ఇంట్లో భయపడే హక్కు తనొక్కదానికే ఉందనుకుంటూ వచ్చింది వదిన. తన భయమే పిల్లకి అంటుకుంటే దాని పేరు దొంగతనం అవుతుందని ఇప్పుడే తెలిసింది. ఆరు నెలలు ఆడపడుచుని లోలోపల దొంగా దొంగా అని తిట్టుకున్నదంతా తిరిగి తన ఒళ్ళోకే వచ్చి పడ్డట్టయింది. అయినా అసూయ చల్లారిందా అంటే లేదు. రూపు మార్చుకుంది, అంతే. పిచ్చుక మాటలు ఎత్తుకుపోయిందని కాదు ఇప్పుడు. చేతులు వణికినా కూర్చుందని.

అమ్మాయి పుస్తకాల సంచీలోంచి కాగితం తీసింది. రేపే కాలేజీలో ఇవ్వాలంది. కాగితం తల్లి ముందు పెట్టి, దాని అంచు మీద వేలు తియ్యకుండా నిలబడింది.

“చదివి పెట్టమ్మా.”

వదిన ఏ కాగితమైనా రెండుసార్లు చదువుతుంది. కరెంటు బిల్లు వెనకాల ముద్రించిన చిన్నక్షరాలు కూడా వేలు పెట్టి చదువుతుంది. కానీ ఆ నిమిషాన, ఒక్కసారైనా తన పిల్ల కళ్ళకి భయపడని మనిషిలా కనబడాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. మేడమీద మనిషి కూర్చోగలిగినప్పుడు తను ఒక సంతకం పెట్టలేదా?

“నువ్విచ్చిన కాగితం కూడా చదవాలిటే నేను” అని సంతకం పెట్టేసింది.

అమ్మాయి వేలు ఇంకా అంచు మీదే ఉంది. ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన అది సంతోషమే అనుకుంది. పిల్ల వంగి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఎన్నాళ్ళయిందో అలా పట్టుకుని. ఆ చేతులు తన మెడ మీద ఉన్నంతసేపూ వదిన ఇంకేమీ కోరుకోలేదు. తరవాత కాగితం మడిచి, పిల్ల మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి పరిగెత్తింది. ముందు అత్తకే చెప్పాలి కాబోలు.

*

పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి. భర్త డ్యూటీనుంచి వచ్చే వేళైంది. లిఫ్టులు బాగుచేసే పని, ఎక్కడ ఏ అంతస్తులో ఇరుక్కుపోతాడో అని వదిన రోజూ ఆ వేళకి గడియారం చూస్తుంది. ఆ పూట చూడలేదు. మేడమీద రెండు జతల అడుగులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక జత కాసేపటికి స్నానాల గది వైపు వెళ్ళింది. రెండో జత ఒకచోట ఆగిపోయింది.

వదిన చేతిలో ఫోను కదిలింది.

మెసేజి వచ్చింది తనకి కాదు, ‘మూడో వరుస’కి. పంపింది పిచ్చుక. పోలీసులకి చెప్పానని రాసిందేమో అనుకుంటూ వదిన ఒక కన్ను మూసి చదవడం మొదలుపెట్టింది.

‘మాస్టారూ, నమస్కారం. మీరు మగవారో ఆడవారో తెలియదు, పెద్దవారని అనుకుంటున్నాను. మీరు రాసింది నిజం. నేను సినిమా చూడను. నేను చూసేది మా వదిన మొహం. ఆవిడ సినిమా చెబుతుంటే ఆ మొహంలో అంతా కనబడుతుంది. హాలుకి వెళ్ళినా అంత బాగా కనబడదు. ఈ మాట ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇవాళ ఆవిడ కూడా మీ వైపే మాట్లాడింది.’

వదినకి అక్షరాలు అలుక్కుపోయాయి. మోచేత్తో కళ్ళు తుడుచుకుని కిందికి జరిపింది.

‘ఇప్పుడు అంతకన్నా పెద్ద చిక్కులో ఉన్నాను. నా మేనకోడలు శనివారం నాతో నగరానికి వస్తుంది గానీ నాతో తిరిగి రాదు. నన్ను ఆటకి పిలిచిన సినిమా కంపెనీవాళ్ళు పిల్లకి వాళ్ళ ప్రచారం పనిలో ఉద్యోగం ఇచ్చారు. ఉండటానికి గది కూడా చూసుకుంది. ఇందాకే వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకుని వచ్చి నా ఒళ్ళో పడి ఏడ్చింది. అది సెలవు కాగితం కాదు. కాలేజీ మానేస్తున్నట్టు రాసిన కాగితం. వాళ్ళమ్మ చదువుతుందనీ, చదివి తిడుతుందనీ, అప్పుడు అంతా చెప్పేద్దామనీ అనుకుందట. మా వదిన చదవకుండా పెట్టేసిందట. ఎవరినీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు ఆవిడ. చెబితే ఆ పిల్ల నన్ను క్షమించదు, చెప్పకపోతే ఆ తల్లి క్షమించదు. మొహమాటం లేకుండా మాట్లాడేది మీరొక్కరే. చెప్పమంటారా?’

పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడ్డాయి. వదిన కదల్లేదు.

పిల్ల వెళ్ళిపోతుందన్న మాట ముందు తగలాలి. ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని గదిలో, గడియ సరిగా పడని తలుపు వెనక ఒంటరిగా ఉంటుందన్న దిగులు ముందు కమ్ముకోవాలి. అవన్నీ వచ్చాయి, తరవాత వచ్చాయి. ముందు తగిలింది మాత్రం ఒక్కటే. పిల్ల ఈ కబురు తనకి కాక అత్తకి చెప్పుకుంది. తన మెడ చుట్టూ చేతులు వేసింది గానీ ఏడ్చింది మాత్రం ఆవిడ ఒళ్ళో.

ఇప్పుడే మెట్లెక్కి వెళ్ళి కాగితం లాక్కోవచ్చు. ముక్కలు చెయ్యొచ్చు. నీకెలా తెలిసిందమ్మా అని పిల్ల అడిగితే ఏం చెప్పాలి? ఖాళీ కుర్చీ బొమ్మ చూపించాలి. అత్తని నలుగురిలో నవ్వులపాలు చేసింది మీ అమ్మేనని చూపించాలి. మళ్ళీ ఫోను లాక్కుని చెరిపించే తల్లిగానే మిగిలిపోవాలి.

ఆవిడ వేలు అక్షరాల మీద ఆడింది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చెప్పండి, ఇప్పుడే కిందికి వెళ్ళి ఆ తల్లికి చెప్పండి అని రాస్తే సరిపోయేది. ఆ మాట సగం రాసింది కూడా. అంతలో, పిచ్చుక కిందికి వచ్చి చెప్పేది నాలుగు ముక్కలే కదా, ఈ మాస్టారుకైతే అంతా చెబుతుంది కదా అనిపించింది. పిల్ల ఏమేమి అంది, తన గురించి ఏమంది, ఎప్పట్నించి అంటోంది, అంతా. రాసిన సగం చెరిపేసింది.

‘వాళ్ళమ్మకి అప్పుడే చెప్పకండి. ముందు ఆ పిల్ల ఏమందో మొదట్నించీ నాకు రాయండి.’

పంపేసింది.

తెర మీద పిచ్చుక రాస్తున్నట్టు గుర్తు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. పైన మంచం కిర్రుమన్న చప్పుడు, ఇక్కడ ఆ గుర్తు కదలడం, రెండూ ఒకేసారి.

‘మొదట్నించీ అంటే నెల వెనక్కి వెళ్ళాలండీ. ఈ ఉద్యోగం సంగతి పిల్ల ముందు చెప్పింది నాకు కాదు. వాళ్ళ నాన్నకి. వెళ్ళమన్నది మా అన్నయ్యే.’

వీధి తలుపు తెరుచుకుంది. ఆయన పనిముట్ల సంచీ గోడవార దించి, బూట్లు విప్పుతూ, పొయ్యి దగ్గర కాలిన వాసనేమిటని అడిగాడు. వదిన ఫోను గుండెకి ఆనించుకుని తిరిగి చూసింది. ఆయన ఆవిడ కళ్ళలోకి చూడకుండా బూటు ముడి విప్పుతూనే ఉన్నాడు.

“అమ్మాయి మెసేజి పెట్టింది, సంతకం పెట్టావట” అన్నాడు. “చదివే పెట్టావు కదా?”